ఏటికొప్పాకలో చెడిపోయిన బొమ్మల గూడు

విశాఖ బస్ కాంప్లెక్సులో తుని బస్సెక్కేటప్పటికే చిరాగ్గా ఉన్నాను. ముందురోజు శనివారం, సెలవు మింగేసి మా ఆఫీసులో ‘కొత్త ఆలోచనల రోజు’ జరిపారు. రంగు కాగితాలు గోడకి అంటించాం, బిర్యానీ తిన్నాం, సోమవారం టార్గెట్లు ఎక్కడివక్కడే. చెప్పొద్దూ, జరిపించినవాళ్లలో టీమ్ లీడర్‌గా నేనూ ఒకణ్ణి.

అడ్డరోడ్డులో దిగితే ఏటికొప్పాకకి ఆటో 150 అన్నాడు. షేర్ ఆటో కోసం ఎండలో నిలబడే ఓపిక లేక ఎక్కేశాను.

ఈ ఊరి లక్కబొమ్మల సంగతి మీకు తెలిసిందే: అంకుడు కర్ర, ఇక్కడి కళాకారుడు సీవీ రాజు గారి పూనికతో తిరిగొచ్చిన సహజ రంగులు, 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు. ఊరంతా తిరగాలనుకున్నవాణ్ణి ఒక్క పాకలోనే సాయంత్రం దాకా ఉండిపోయాను.

అక్కడో కుర్రాడు లేతు మీద తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తున్నాడు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. వాడు చేసేది బొంగరమూ కాదు, కుంకుమ భరిణా కాదు. రెండుసార్లు కర్ర చీలింది. మూడోసారి పసుపు మీద నీలం పాకి బురద తేలింది. పాక పెద్దాయన వక్క నములుతూ చూస్తున్నాడే గానీ కిక్కురుమనలేదు. నేనే ఆగలేకపోయాను.

“కర్రంతా పాడుచేస్తున్నాడు కదండీ?”

“సెడిపోతే సెడిపోనీ బాబూ. బొమ్మకింతని కూలిస్తే ఎవడు కొత్తది సేస్తాడు? తెలిసిన బొంగరాలే సేసి పోతాడు. అందుకే ఆదివారం మజ్జాన్నం బొమ్మల లెక్క నేదు, పూట కూలే. కర్ర నాది, నష్టం నాది.”

పోయినేడు మా టీమ్‌లో ఒకమ్మాయి రెండు రోజులు మామూలు పని పక్కనపెట్టి, రిపోర్టులు వాటంతటవే తయారయ్యే ప్రోగ్రామ్ రాయబోయింది. కుదర్లేదు. అప్రైజల్‌లో ‘పని ఆలస్యం’ అని రాసింది నేనే. ఆ తర్వాత తనేమీ కొత్తగా మొదలుపెట్టలేదు. నిన్న కూడా ఒక్క కాగితం అంటించలేదు.

గూట్లో చెడిపోయిన బొమ్మలు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. మూత బిగుసుకుపోయిన భరిణ ఒకటి నచ్చి ధర అడిగాను.

“అది అమ్మం బాబూ. కుర్రోళ్లు సూసుకోడానికి.”

బొంగరం అంటగట్టాడు, 80 రూపాయలు. కుర్రాడు నాలుగో ముక్క బిగిస్తున్నాడు. అదేమవుతుందో చూద్దామనుకున్నాను గానీ, చీకటిపడితే ఆటోలు దొరకవన్నారు. దొరికినవాడు 200 అడిగాడు.