పాలు చాలట్లేదని డబ్బా తెరిచే ముందు

మూడోరోజు రాత్రికి బాలింత గదిలో ఎవరో ఒకరు అనే మాట ఇది: "ఇంతలా ఏడుస్తోంది, పాలు చాలట్లేదేమో." దాంతో డబ్బా పాలు వచ్చేస్తాయి. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము సరిగా చీకదు. చీకనిదే పాలు ఊరవు. వారం తిరిగేసరికి పాలు నిజంగానే చాలవు.

ఏడుపును బట్టి పాలు లెక్కగట్టకండి, తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. మొదటిరోజు ఒకసారి, రెండోరోజు రెండుసార్లు, మూడోరోజు మూడుసార్లు ఉచ్చ పోస్తే చాలు. ఐదారు రోజులు దాటాక 24 గంటల్లో కనీసం 6 గుడ్డలు తడవాలి. డైపర్ వేస్తే తడి తెలియదు కాబట్టి ఒక పొడి డైపర్‌లో 45 మి.లీ. నీళ్లు పోసి చేత్తో బరువు చూసుకోండి, తడిసిన డైపర్ ఎంత బరువుంటుందో తెలుస్తుంది. మలం మొదట తారులా నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, ఐదోరోజుకల్లా పసుపుపచ్చగా మారాలి. పుట్టిన బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలే. రెండువారాల్లో అది తిరిగి రావాలి.

మొదటి రోజు ముర్రుపాలు ఒక్కో విడతకు చెంచాడే వస్తాయి. బిడ్డకు అంతే కావాలి. అవి పిండి పారబోయకండి. తేనె, పంచదార నీళ్లు నాకించొద్దు. తేనెతో ఏడాదిలోపు పిల్లలకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఎండాకాలమైనా ఆరు నెలల దాకా మంచినీళ్లు అక్కర్లేదు. నీళ్లు కావాల్సింది తల్లికి. పథ్యం పేరుతో ఆమె దాహాన్ని ఆపడం అన్యాయం.

చనుమొన పగులుతోందంటే చాలావరకు బిడ్డ మొనను మాత్రమే పట్టుకుంటోందన్నమాట. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండేలా, పొట్ట మీ పొట్టకు ఆనేలా పట్టుకోండి. ఆవులించినంతగా నోరు తెరిచాక బిడ్డనే రొమ్ము దగ్గరకు తీసుకురండి, మీరు ముందుకు వంగొద్దు. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం పైపెదవి వైపే ఎక్కువ కనబడాలి. గుటక చప్పుడు వినిపిస్తే పాలు దిగుతున్నట్టే. నొప్పెడితే లాగేయకండి. నోటి మూలలో చిటికెనవేలు పెట్టి పట్టు విడిపించి, మళ్లీ పట్టించండి.

రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. కామెర్లున్న బిడ్డ మగతగా పడుకుంటుంది, రెండుమూడు గంటలకోసారి లేపండి. లేపినా చీకకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. బొటనవేలు, చూపుడువేలు మొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనక పెట్టి, ఛాతీ వైపు నొక్కి, వేళ్లు దగ్గరికి తెచ్చి వదలండి. వేళ్లు చర్మం మీద జారకూడదు. నీళ్లలో మరిగించి చల్లార్చిన గిన్నె ముక్కును బిడ్డ నోటి మూలలో ఆనించి, తల ఎత్తిపట్టి, కొద్దికొద్దిగా వదలండి. మింగాకే తర్వాతి గుక్క.

ఐదోరోజు తర్వాత కూడా తడిసిన గుడ్డలు ఆరుకు చేరకపోతే, ఒళ్లు వేడెక్కినా చల్లబడినా, లేపినా లేవకపోతే వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాలు పట్టిన వేళలు, తడిసిన గుడ్డల లెక్క కాగితం మీద రాసి వెంట తీసుకెళ్లండి.