ముగ్గురు హరిశ్చంద్రులు, ఒక్క చంద్రమతి

ఒంటిపూట బడి వదిలేసరికి పన్నెండున్నర. గేటు పక్కన వేపచెట్టు కిందే పాపకు చిత్రాన్నం తినిపించి, యూనిఫాం కూడా మార్చకుండా ఆటో ఎక్కించి కర్నూలు బస్టాండుకు తెచ్చాను. నేను నాటకంలో వేషం వెయ్యడానికి పోతే పాప మా అమ్మ దగ్గరుంటుంది. ఆ వారమే అమ్మ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆమెకే ఒక మనిషి తోడు కావాలి, ఎనిమిదేళ్ల పిల్లను ఎట్లా వదిలేది? పాప వాళ్ల నాయన సంగతి ఆరేళ్ల కిందటే తెగిపోయింది. దాని గురించి రాసేదేమీ లేదు.

అనంతపురం ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే కండక్టరు రెండు సున్నా టికెట్లు కొట్టిచ్చాడు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పుడు నేనూ సంబరపడ్డాను. తర్వాత నాలుగు నాటకాలు ఆడానో లేదో, ఒప్పుకునేటప్పుడే దారిఖర్చు కోసేయడం మొదలుపెట్టారు. “బస్సు ఫ్రీనే కదమ్మా, ఇంక చార్జీలేంటివి?” అంటారు. మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి పోయే ఆటోకు, అర్ధరాత్రి టీకి ఏ పథకమూ లేదు మరి.

డోన్ దాటేదాకా పాప నా ఒళ్లో నిద్రపోయింది. గుత్తి కోట కనబడగానే లేచి, అంత కొండ మీదికి నీళ్లు ఎట్లా మోసేవాళ్లని అడిగింది. నాకు తెలీదన్నాను. గుత్తిలో దిగి, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని తాడిపత్రి బస్సు ఎక్కాం. హార్మోనియం మాస్టరు అక్కడే కలిశాడు. తాడిపత్రి దగ్గర పడి, రోడ్డు పక్కన నాపరాళ్ల దొంతులు మొదలయ్యాయంటే మాస్టరు నాటకాల నటుడు రాఘవ గారిని తలుచుకోవాల్సిందే. బళ్లారి రాఘవ అని ఊరిపేరు బళ్లారికి పోయింది గానీ 1880లో ఆయన పుట్టింది తాడిపత్రిలోనే. మగవాళ్లు చీరకట్టి ఆడవేషాలు వేసే కాలంలో ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టిన మనిషి. “ఆయన పుణ్యం వల్లే నీ అట్లాటోళ్లు స్టేజీ ఎక్కినారమ్మా” అంటాడు మాస్టరు. నిజమే. ఎక్కినవాళ్ల పిల్లలను ఎవరు పట్టుకుంటారన్నది మాత్రం ఇప్పటికీ ఎవరికి వాళ్లు చూసుకుంటున్నదే.

తాడిపత్రి నుంచి ఆటోలో అరటితోటలు, చీనీ (బత్తాయి) తోటలు దాటుకుని ఊరు చేరేసరికి పొద్దు గూకింది. మా సీమ పల్లెల్లో నాటకం ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మగవేషాలన్నీ ఊరివాళ్లవే. ముందే మాస్టరును పెట్టుకుని, నెలల తరబడి రాత్రిళ్లు పద్యాలు నేర్చుకుంటారు. వేషానికింత అని వాళ్లే చందా వేసుకుంటారు. ఆడవేషాలకు మాత్రం మాలాంటివాళ్లను బయటి నుంచి పిలిపిస్తారు. నాయకుడి వేషానికి పోటీ ఎక్కువ కాబట్టి దాన్ని ముక్కలు చేసి పంచుకుంటారు. ఈ ఊళ్లో కొలువుకు ఒక హరిశ్చంద్రుడు (రేషన్ డీలరు), వారణాసిలో పెళ్లాంబిడ్డలను అమ్మేందుకు ఇంకొకడు (చీనీతోట రైతు), కాటిసీనుకు మూడోవాడు (కరెంటు లైన్‌మన్). చంద్రమతిని నేనొక్కదాన్నే. రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా మొగుళ్లు మారుతుంటారు, బిడ్డను చంకనేసుకుని నేను అన్ని సీన్లలోనూ ఉంటాను. ఇది ఎప్పుడు చెప్పినా మా మేకప్ అన్న పడీపడీ నవ్వుతాడు.

మేకప్‌కు ఊరి ప్రాథమిక పాఠశాల గది ఇచ్చారు. పాపకు సోమవారం లెక్కల పరీక్ష. గోడ మీద ఎక్కాల చార్టు ఉంది. నేను ముఖానికి రంగు పూసుకుంటూ పన్నెండో ఎక్కం చదవమన్నాను. పన్నెండేళ్లు ఎనభైనాలుగు దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగింది. సవరం పెట్టుకోవడానికి పిన్నులు, నా వేషం తాళి పాప కంపాస్ బాక్సులో ఉన్నాయి. పసుపుతాడుకు రెండు గిల్టు బిళ్లలు. పోయిన్నెల ఒకచోట పెట్టెలోంచి పోతే, అప్పటినుంచి దాన్ని దాచే పని పాప తీసుకుంది.

ఊరి ఆడవాళ్లు కిటికీ దగ్గర మూగారు. ఒక అవ్వ లోపలికే వచ్చి కూర్చుని, నా మెడ వంక చూసి, “పాప వాళ్ల నాయన యాడుండాడమ్మా?” అంది. లేడన్నాను. “చంద్రమతి తాళి మొగునికి తప్ప ఎవురికీ కనపడదంట గదా,” అంది అవ్వ, తనే సర్దిచెప్తున్నట్టు. “నాది స్టేజీ మీద మాత్రమే కనపడుతుంది అవ్వా” అన్నాను. అవ్వ నవ్వలేదు. ఇంటికి పోయి పాపకు ఓళిగ, నెయ్యి తెచ్చి పెట్టింది.

రాత్రి మూడింటికి గొడవ వచ్చింది. చంద్రమతి కొడుకు లోహితుడి వేషం వేసిన పిల్లోడు నిద్రలో లేపితే ఏడుపు లంకించుకుని వాళ్లమ్మను వదలనంటాడు. నాటకం పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, “మీ పాప ఉండాది గదమ్మా, కండ్లు మూసుకోని పండుకుంటే సాలు” అన్నాడు. పాప అప్పటికే లేచి నిలబడింది. నేను వద్దన్నాను. “పండుకునేది శవం మాదిరి కదన్నా, నా వల్ల కాదు” అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, పాపకు అంతకన్నా ఎక్కువ వచ్చింది.

పక్కనున్న కడప జిల్లాలో సురభి అనే ఊరుంది. 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ నాటకం ఆడించింది అక్కడే. అట్లా మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు ఉయ్యాల దిగగానే స్టేజీ ఎక్కేవాళ్లు. అమ్మ, నాన్న, అత్త, మేనమామ అందరూ తెర వెనకే ఉంటారు, పిల్లకు భయమేముంది? ఇల్లూ నాటకమూ ఒకచోటే. నా ఇల్లు కర్నూలులో, నాటకం ఎక్కడో, నడుమ నేను, ఒక పెట్టె. నాకు ఆ ధైర్యం రాదు.

చివరికి దిండుకు దుప్పటి చుట్టి ఇచ్చారు. కొబ్బరినూనె వాసన కొట్టే ఆ దిండును ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు బాగానే వచ్చింది. ఎదురుగా లైన్‌మన్ కాటికాపరి కర్ర పట్టుకుని, పద్యం మధ్యలో బిగుసుకుపోయాడు. మాస్టరు శ్రుతి వదలకుండా అదే మెట్టు నొక్కి పట్టుకున్నాడు. పద్యంలో తర్వాతి మాట నాకు తెలుసు, కానీ ఒళ్లో శవం ఉన్న తల్లి మొగుడికి పద్యం అందిస్తే బాగుండదు కదా. అప్పుడు పక్కతెర వెనక నుంచి సన్నటి గొంతు ఆ మాట అందించింది. లైన్‌మన్ దాన్ని పట్టుకుని రాగం లాగాడు చూడండి, జనం ఈలలు, ఒన్స్‌మోర్‌లు. ఆయనకు ఐదొందలు చదివించారు. “పద్యమందించిన పాపకు నూరు రూపాయలు” అని మైకులో చెప్పారు.

నేనెప్పుడూ పాపకు పద్యం నేర్పలేదు. వంట చేసుకుంటూ పాడుకుంటాను, అంతే. పక్కనే హోంవర్కు చేస్తున్నదనుకున్నాను. పన్నెండో ఎక్కం ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది.

తెల్లవారి మొదటి బస్సులో పాప నూరు నోటు గుప్పిట్లోనే పట్టుకుని పడుకుంది. అమ్మకు ఫోన్ చేసి అన్నీ చెప్పాను, పద్యం సంగతి తప్ప.

సోమవారం బడి గేటు దగ్గర పెన్సిలు కోసం పాప కంపాస్ బాక్సు తెరిచింది. తాళి ఇంకా అందులోనే ఉంది. “మా, ఇది నీ కాడ పెట్టుకో. టీచరు చూస్తే అడుగుతాది,” అని నా చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తింది. పర్సులో వేసుకున్నాను. బుధవారం ఆళ్లగడ్డ దగ్గర నాటకం ఉంది.