చట్టంలో ఆర్‌ఎంపీ వేరు, మన ఊరి ఆర్‌ఎంపీ వేరు

కోనసీమ పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే బండి మీద సంచీతో వచ్చి సూదిమందు వేసే మనిషి. గర్భస్రావాల చట్టంలోని 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్'కీ పొడి అక్షరాలు అవే. కానీ అక్కడ ఆ మాటకు అర్థం డిగ్రీ ఉండి, మెడికల్ కౌన్సిల్లో పేరుండి, కాన్పుల విభాగంలో శిక్షణ పొందిన డాక్టరు. ఈ ఒక్క మాట దగ్గరే మనవాళ్లు తప్పు గుమ్మం ఎక్కేస్తారు.

1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు కావాలి, అదీ కొందరికే: అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవారు, విడాకులైనవారు, మరికొందరు. ప్రభుత్వం ప్రకటించిన విపత్తులో చిక్కుకున్నవారూ అందులో ఉన్నారు. గోదావరి వరదకు దారులు మూసుకుపోయే లంకలవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెళ్లి కాలేదని కాదనడానికి వీల్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే అసలు తొందర 24 దగ్గర కాదు, 9 దగ్గర. మాత్రలతో అయ్యేది 9 వారాల్లోపే. ఈ లెక్క ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి మొదలవుతుంది. నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు అయిపోతాయి, ఇక చేతిలో ఉండేవి ఐదు. ఇంకో నెల చూద్దాం అనుకుంటే మిగిలేది వారమే.

గర్భస్రావం మాత్రల కిట్‌లో మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములది ఒకటి, మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు ఉంటాయి. మొదటిది గర్భం నిలబెట్టే హార్మోన్‌ను అడ్డుకుంటుంది, ఒకటి రెండు రోజుల తర్వాత వేసుకునేవి గర్భసంచిని బిగించి బయటికి తోస్తాయి. డాక్టరు చీటీ లేకుండా కొని అయిదూ ఒకేసారి మింగితే మొదటిదానికి పనిచేసే వ్యవధే దొరకదు. ముక్కలు లోపల మిగిలిపోయి రక్తం ఆగకపోవచ్చు. డాక్టరు చూడకుండా వేసుకోవడంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది: గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. రక్తం కనిపించింది కాబట్టి పనైపోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగలవచ్చు.

గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం రోజు దాటినా, కడుపులో ఒక పక్కనే పొడిచినా, కళ్లు తిరిగి పడినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. రాత్రి పంటు, అంటే గోదావరి దాటించే పడవ, ఉండదు. అందుకే రెండో విడత మాత్రల రోజు ఆసుపత్రి ఉన్న ఒడ్డునే, చుట్టాలింట్లో ఉండడం మేలు.

ప్రైవేటు ఆసుపత్రిలో ఈ పనికి ఇచ్చిన అనుమతి పత్రం గోడకు ఉందేమో చూడండి. ప్రభుత్వాసుపత్రికి అది అక్కర్లేదు, కానీ శిక్షణ ఉన్న డాక్టరు ఆ రోజు వస్తారో లేదో ఊరి ఆశా కార్యకర్త చేత ముందే కనుక్కోండి. 18 నిండితే గర్భిణి సంతకం ఒక్కటే చాలు, ఆ సంతకం పెట్టే పత్రాన్ని ఫారం సి అంటారు. మైనరైతే సంరక్షకుల సంతకం కావాలి. భర్త సంతకం తెమ్మని చట్టంలో ఎక్కడా లేదు. అయినా అడుగుతారు. ఆయన గల్ఫ్‌లో ఉంటే, ఉన్న ఆ ఐదు వారాల్లో రెండు దానికే పోతాయి.