తిట్టే గొంతుకీ తాళం ఉంటుంది

‘మై లైఫ్ ఇన్ ద బుష్ ఆఫ్ ఘోస్ట్స్’ ఆల్బమ్ ఈ మధ్య మళ్లీ పట్టుకుంది నన్ను. 1981లో వచ్చింది, చేసింది ఇంగ్లండ్ సంగీతకారుడు, ప్రొడ్యూసర్ బ్రయాన్ ఈనో, అమెరికా రాక్ బ్యాండ్ టాకింగ్ హెడ్స్ గాయకుడు డేవిడ్ బర్న్. ఇద్దరూ పాడగలిగినవాళ్లే, అయినా ఇందులో మెయిన్ గొంతు ఎక్కడా వాళ్లది కాదు. రేడియోలో చిర్రుబుర్రులాడే హోస్టు, ఊగిపోతూ ప్రసంగించే పాస్టరు, దెయ్యం వదిలించే ఒకాయన, లెబనాన్ కొండ ప్రాంతపు గాయని... కొన్ని రేడియోలోంచి పట్టినవి, కొన్ని పాత రికార్డుల్లోంచి ఏరినవి. పేరు మాత్రం నైజీరియా రచయిత ఆమోస్ టుటువోలా నవలది. అప్పటికి ఆ నవల ఇద్దరూ చదవలేదట!

ఇలా వేరేచోట రికార్డయినదాన్ని తెచ్చి పాటలో వాడుకోవడాన్ని శాంప్లింగ్ అంటారు. ఇప్పుడైతే లాప్‌టాప్‌లో ముక్క కోసి, బీట్‌కి సరిపోయేలా సాగదీసి అతికించడమే కదా. వీళ్లకి ఆ సుఖం లేదు. వాద్యాల ట్రాక్ ఒక టేప్ మెషీన్ మీద, గొంతు ఇంకో మెషీన్ మీద పెట్టి రెండూ ఒకేసారి ఆడించేవారు. కలిస్తే కలిసినట్టు, లేకపోతే వెనక్కి తిప్పి మళ్లీ మొదలు. అందుకే గొంతు బీట్ మీద కచ్చితంగా కూర్చోదు, కాస్త ముందో వెనకో పడుతుంది, నాకు నచ్చేది సరిగ్గా అదే.

‘హెల్ప్ మీ సమ్‌బడీ’ వినండి. పాస్టర్ గొంతు పెంచుకుంటూ పోతాడు, ఊపిరి తీసుకోవడానికి ఆగిన ఖాళీలో గిటార్ దూరుతుంది, మళ్లీ ఆయన అందుకుంటాడు. ఎదురుగా బ్యాండ్ ఉందని తెలిసే మాట్లాడుతున్నాడా అనిపిస్తుంది. నిజానికి ఆయన తన తాళంలో తానున్నాడు. బాగా కోపమొచ్చినవాడి మాటకీ, గట్టిగా ప్రార్థించేవాడి మాటకీ ఎత్తుపల్లాలు వాటంతటవే వచ్చేస్తాయి, వీళ్లు చేసిందల్లా దాని కింద డ్రమ్స్ పెట్టడం. మిగతా పని మన చెవే చేసుకుంటుంది. మాటల ముక్క ఒకటే మళ్లీ మళ్లీ వినిపిస్తే కాసేపటికి అది పాడినట్టు వినిపించడం మొదలవుతుందని డయానా డాయిచ్ అనే సైకాలజిస్ట్ 1995లో గమనించింది. ముక్క మారదు, మన వినికిడి మారుతుంది.

ఇక ఎవరి గొంతు ఎవరు వాడుకోవచ్చన్న గొడవ. కాథరిన్ కూల్మన్ అనే క్రైస్తవ ప్రచారకురాలి గొంతుతో ఒక ట్రాక్ చేస్తే, ఆమె ఎస్టేట్ వాళ్లు (ఆమె పోయాక హక్కులు చూసుకునేవాళ్లు) ఒప్పుకోలేదు. గొంతు మార్చాల్సి వచ్చింది, విడుదల ఆలస్యమైంది. ఈలోగా వీళ్లిద్దరూ కలిసి పనిచేసిన టాకింగ్ హెడ్స్ ఆల్బమ్ ‘రిమెయిన్ ఇన్ లైట్’ 1980లోనే బయటికొచ్చేసింది. ఖురాన్ పారాయణం వాడిన ఇంకో ట్రాక్‌ని అభ్యంతరాల వల్ల తర్వాతి ఎడిషన్లలో తీసేశారు. తీసేయడమే సరైందని నా లెక్క. రేడియో హోస్టు మాట జనంలోకి విసిరిన మాట, పారాయణం అలాంటిది కాదు. అలాగని దెయ్యం వదిలించే ఆ ట్రాక్, ‘ద జెజెబెల్ స్పిరిట్’, వింటున్నప్పుడు నాకు ఇబ్బందిగా లేదని చెప్పలేను, అవతల ఒక మనిషి నిజంగా యాతన పడుతుంటే ఇక్కడ మనం కాలు ఆడిస్తున్నాం. ఇబ్బందిపడుతూనే వింటాను, ఏం చేస్తాం.

రికార్డు రెండో వైపు చివర్లో ఉన్న నెమ్మది ట్రాకులు నాకు పెద్దగా ఎక్కలేదు, గొంతు వెనక్కి తగ్గేసరికి ఊపూ తగ్గిపోయింది.

2006లో మళ్లీ విడుదల చేసినప్పుడు ‘హెల్ప్ మీ సమ్‌బడీ’, ‘ఎ సీక్రెట్ లైఫ్’ పాటల్లోని గొంతు, వాద్యాల రికార్డింగుల్ని విడివిడిగా, ఎవరైనా రీమిక్స్ చేసుకోండని ఆన్‌లైన్‌లో పెట్టారు. మొదటిసారి వినేవాళ్లు మాత్రం రీమిక్సుల జోలికి వెళ్లకుండా, ముందు ‘అమెరికా ఈజ్ వెయిటింగ్’తో మొదలెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.