నెల్లూరు నుంచి ఉదయగిరి దాకా, అమ్మ తిరిగిన దారిలో

అమ్మ సంవత్సరీకం అయిన తరువాతి వారం నేనూ మా పిన్నమ్మా నెల్లూరు నుంచి ఉదయగిరికి బయలుదేరాం. నేరుగా వెళితే దాదాపు 100 కిలోమీటర్ల దారి. అమ్మ ఆదివారాలు చాలావరకు జొన్నవాడ గుడిలోనూ అనుమసముద్రంపేట దర్గాలోనూ మానసిక రోగుల మధ్య గడిచాయి కనుక, ఆ రెండు చోట్లా ఆగి, ఆమె పనిని ఎరిగినవాళ్లను పలకరించి, సాయంత్రానికి ఆమె పుట్టిన ఊరు చేరాలని అనుకున్నాం.

అమ్మ ఉదయగిరిలో పెరిగి, డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసై, నెల్లూరులో ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచరుగా పనిచేసింది. నీటిరంగులతో పెన్నా నదిని గీయడమంటే ఆమెకు ప్రాణం. మనసు జబ్బుల వైపు ఆమె దృష్టి మళ్లింది మా ఇంట్లోనే. తాతయ్య పోయినప్పుడు మా తమ్ముడు మాట మానేశాడు. బంధువులు తాయెత్తు కట్టించమన్నారు, కొందరు బెదిరించి మాట్లాడించాలని చూశారు. అమ్మ వాణ్ణి ఏమీ అడగలేదు. రాత్రి భోజనాలయ్యాక పలక పట్టుకుని వాడి పక్కన కూర్చునేది, తానొక గీత గీసి పలకను వాడి వైపు జరిపేది, వాడు దానికి ఇంకో గీత కలిపేవాడు. నెలల తరబడి అలా సాగాక, ఒక రాత్రి వాడు తాతయ్య చేతికర్రను గీసి, "ఇది ఇప్పుడు ఎక్కడుందమ్మా?" అని అడిగాడు. ఆ కర్రను అటక మీద నుంచి దించి వాడి చేతికిచ్చింది అమ్మ. వాడికి మాట అక్కడి నుంచే తిరిగి వచ్చింది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు పారిపోయే వీలులేక చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు అమ్మ అన్నం ముట్టలేదని పిన్నమ్మ కారులో గుర్తు చేసుకుంది. ఆ తరువాత అమ్మ దూరవిద్యలో మనస్తత్వశాస్త్రం చదివింది, నెల్లూరులో ఒక మానసిక వైద్యుని దగ్గర కౌన్సిలింగ్‌లో శిక్షణ పొందింది, బడి లేని రోజుల్లో ఆ వైద్యుని దగ్గరికి వచ్చే కుటుంబాలతో మాట్లాడడం మొదలుపెట్టింది. అక్కడికి వచ్చేవాళ్లలో అధికశాతం అంతకుముందే జొన్నవాడకో దర్గాకో వెళ్లివచ్చినవాళ్లని తెలిసి, వాళ్లు మొదట వెళ్లే చోటికే తాను వెళ్లాలని నిర్ణయించుకుంది.

జొన్నవాడ నెల్లూరుకు దగ్గర్లోనే, పెన్న ఒడ్డున ఉంది. మల్లికార్జునస్వామి, కామాక్షితాయి కొలువైన ఆ గుడిలో శ్రీచక్రాన్ని ఆదిశంకరులు ప్రతిష్ఠించారని భక్తుల విశ్వాసం. గాలి సోకిందనో, చేతబడి జరిగిందనో భయపడే కుటుంబాలు రోగిని వెంటబెట్టుకుని వచ్చి, అమ్మవారి సన్నిధిలో రాత్రులు నిద్ర చేస్తాయి. మేము వెళ్లినప్పుడు కూడా మంటపం పక్కన చాపలు పరుచుకుని కొన్ని కుటుంబాలు ఉన్నాయి. పూలు అమ్మే ఒక పెద్దావిడ పిన్నమ్మను పోల్చుకుని, "మీ అక్క ఈ స్తంభం కాడనే కూచొనేదమ్మా. పిలకాయలకే కాదు, పెద్దోళ్లకీ రంగు పెన్సిళ్లు ఇచ్చేది" అని చూపించింది.

అమ్మ అక్కడ చేసిన పని విలువ నాకు ఆ స్తంభం దగ్గర నిలబడ్డాకే పూర్తిగా అర్థమైంది. ఆమె ఎవరి మొక్కునూ తప్పుపట్టలేదు. "నిద్ర చెయ్యండి, తీర్థం పుచ్చుకోండి, డాక్టరు రాసిన మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానబాకండి" అని చెప్పేది. గుడికి రావద్దని చెప్పి ఉంటే ఆ కుటుంబాలు ఆమె మాట రెండోసారి వినేవి కావు. రోగి గీసిన బొమ్మకు తానుగా అర్థం చెప్పడం ఆమెకు ఎంతమాత్రం ఇష్టం లేదు. నల్లరంగు వాడితే దిగులనీ, ఎరుపు వాడితే కోపమనీ తేల్చేవాళ్లను చూస్తే నొచ్చుకునేది. బొమ్మను ఎదురుగా పెట్టుకుని, "ఇందులో ఏముందో నాకు చెప్పు అబ్బయ్యా" అని ఊరుకునేది. చెప్పకపోతే మరుసటి ఆదివారం దాకా వేచి ఉండేది. బొమ్మ రోగం ఏదో చెప్పదనీ, మనిషికి మాట్లాడేందుకు ఒక ఆసరా మాత్రమే ఇస్తుందనీ ఆమె నమ్మకం. ఇంత ఓపిక నేను మరెవరిలోనూ చూడలేదు.

సంగం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. అమ్మ గీసిన పెన్న బొమ్మల్లో చాలావరకు ఇక్కడివే. ఇసుక మేటల మధ్య సన్నగా పారే నీటి పాయలు వాటిలో కనిపిస్తాయి. ఇప్పుడు కొత్త బ్యారేజీ వల్ల నీళ్లు నిండుగా ఉన్నాయి. ఇది చూస్తే ఆమె వెంటనే కాగితం తీసేదని పిన్నమ్మా నేనూ ఒకేసారి అనుకున్నాం.

అనుమసముద్రంపేటలోని ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు హిందువులూ ముస్లిములూ సమానంగా వస్తారు. దీర్ఘకాలపు మనోవ్యాధులతో బాధపడేవాళ్లను తీసుకువచ్చి, గదులు అద్దెకు తీసుకుని రోజుల తరబడి ఉండే కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. అమ్మ దగ్గరికి వచ్చిన ఒక తల్లిని అక్కడ కలిశాం. ఆమె కొడుకు ఇంటి నుంచి పారిపోతున్నాడని కాలికి తాడు కట్టి ఉంచేవారట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడికి లోనైన వ్యక్తిగా భావించి శిక్షకు బదులు సంరక్షణ అందించాలని చెప్పింది. ఈ చట్టం గురించి అమ్మ ప్రతి కుటుంబానికీ చెప్పేది. ఆ తల్లితో మాత్రం మొదటి రోజు చట్టం ఊసే ఎత్తలేదట. "తాడు నేను విప్పుతాను, పొద్దుగూకే దాకా నేను వీడి పక్కన ఉంటాను, నువ్వు కాస్త పడుకో చెల్లీ అన్నది. నేను అట్లా నిద్రపోయి అప్పటికి ఎన్నాళ్లయిందో" అని ఆ తల్లి మాతో చెప్పింది. కొడుకు ఇప్పుడు నెలనెలా నెల్లూరు పెద్దాసుపత్రికి తానే వెళ్లి మందులు తెచ్చుకుంటున్నాడు, పొగాకు పనులకు పోతున్నాడు. వాళ్ల గది గోడ మీద అమ్మ చేతిరాతతో 14416 అన్న అంకె ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకేంద్రపు నంబరు అది. ఎప్పుడు ఫోను చేసినా తెలుగులోనే మాట్లాడవచ్చు. జబ్బుపడి ప్రయాణాలు మానుకోవలసి వచ్చినప్పుడు, తాను లేని వేళ ఈ నంబరు ఉండాలని, ఆమె తనకు తెలిసిన ఇళ్లన్నిటికీ దాన్ని రాసి పంపింది.

ఆత్మకూరు దాటాక కొండలు మొదలయ్యాయి. ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న సంగతీ, ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్లి గుడి కట్టించిన సంగతీ అమ్మ మాకు చిన్నప్పుడు కొండ బొమ్మ గీస్తూ చెప్పేది. ఈసారి మేము కొండ ఎక్కలేదు. మా గమ్యం దిలావర్ భాయి వీధి.

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నర్ది, బిక్కి వంటి చెట్ల కర్రతో ఈ వీధి ఇళ్లలో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. కర్రను కోసి, చెక్కి, పిడి మీద పువ్వులూ సన్నని జాలీ తొలిచి, ఆకురాయితో నున్నగా రుద్దుతారు. అమ్మతో కలిసి చదువుకున్న ఒక ముస్లిం మహిళ నన్ను చూడగానే "రా బేటీ" అని చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లింది. అమ్మ ఆమె దగ్గర ఎప్పుడూ పూర్తి చేసిన గరిటెలు కొనేది కాదట. ఆకారం మాత్రం వచ్చి, ఇంకా గరుకుగా ఉన్నవాటినే సంచినిండా తీసుకువెళ్లేదట.

అవి ఎందుకో నాకు తెలుసు. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందుల వల్ల చేతులు వణుకుతాయి, వేళ్లు బిగుసుకుంటాయి. అలాంటివాళ్లను మోతాదు సరిచూడమని అమ్మ డాక్టరు దగ్గరికి పంపేది. ఈలోపు, పెన్సిలు పట్టలేక సిగ్గుపడేవాళ్ల చేతిలో ఒక గరుకు గరిటెను, గరుకు కాగితాన్ని పెట్టేది. రుద్దడానికి నైపుణ్యం అక్కర్లేదు, పాడవుతుందన్న భయం లేదు. తల వంచుకుని రుద్దుతూ కూర్చున్నవాళ్లు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడనవసరం లేదు కనుక, ఎన్నడూ నోరు విప్పనివాళ్లు కూడా మెల్లగా మాట్లాడేవారు.

ఇప్పుడు ఆదివారాలు జొన్నవాడలో కూర్చోవడానికి అమ్మ దగ్గర శిక్షణ పొందిన ఒక యువతి సిద్ధంగా ఉంది, నేను సామాను చూసుకుంటాను. ఆ సంగతి అమ్మ స్నేహితురాలికి చెప్పి, అలాంటి గరుకు గరిటెలే కావాలని అడిగాను. ఆమె తన కోడలిని పిలిచి, పిడులు కొంచెం లావుగా ఉంచమని చెప్పింది. వణికే చేతులకు లావు పిడితోనే పట్టు దొరుకుతుందని అమ్మ ఒకసారి ఆమెతో అన్నదట. బయానా ఇచ్చాను. సంక్రాంతికి ముందు వచ్చి తీసుకువెళ్లమన్నారు.