ఎదురుగాలిలో స్పినోజా ఇంటికి

శనివారం పొద్దున పదింటికి నెదర్లాండ్స్‌లో లైడెన్ అనే ఊళ్ళోని ఒక పాత హాల్లోకి అడుగుపెట్టేసరికి, డెబ్బై దాటిన డచ్ ప్రొఫెసర్ ఒకాయన హెయిర్ డ్రయర్ పట్టుకుని మైనం ముద్ద కరిగిస్తున్నాడు. నేను సరైన చోటికే వచ్చానా అని అనుమానం వచ్చింది.

నిజానికి నేను రావాల్సినవాణ్ణి కాదు. 17, 18 శతాబ్దాల యూరప్ తత్వశాస్త్రం మీద, ఏమీ తెలియనివాళ్ళ కోసం రెండు రోజుల ప్రసంగాలు. ఆఫీసులో ఒకావిడ డబ్బు కట్టి, ఆఖరి నిమిషంలో కుదరక ఆ సీటు నాకిచ్చింది. ఊరికే వస్తే ఫినాయిలైనా వదలని జాతి మనది. శుక్రవారం రాత్రి ఐంధోవెన్‌లో రైలెక్కేశాను.

మైనం సంగతి తత్వవేత్త డెకార్ట్ 1641లో అచ్చయిన తన ధ్యానాల పుస్తకంలో రాశాడు. అప్పుడే తుట్టె నుంచి తీసిన మైనం. తేనె రుచి, పూల వాసన పూర్తిగా పోలేదు, వేలితో కొడితే చప్పుడొస్తుంది. వేడి తగలగానే అన్నీ పోతాయి. అయినా అదే మైనం అంటాం. ఎలా తెలిసింది? కంటికీ ముక్కుకీ తెలిసినవన్నీ మారిపోయాయి కదా. హాల్లో మంట వెలిగించకూడదట, అందుకని హెయిర్ డ్రయర్. అది ముందు వరసలో కూర్చున్న ముసలావిడ జుట్టు రేపిందే తప్ప, మైనం మెత్తబడటానికి పది నిమిషాలు పట్టింది.

మా అమ్మమ్మతో వెళ్ళిన పురాణ సభల్లో కుండలు, మట్టి అని విన్న ఉదాహరణ గుర్తొచ్చింది. కానీ దారి వేరు. అక్కడ కుండ పేరుకే, మట్టే నిజం అంటారు. డెకార్ట్‌కి మైనం మీద అంత మోజు లేదు. మైనాన్ని తెలుసుకున్నది ఇంద్రియాలు కాదు, బుద్ధి అని చెప్పడమే ఆయన పని. అక్కణ్ణుంచి మనసు వేరు, శరీరం వేరు అనే మాటకి వచ్చేస్తాడు. ఆయన ఫ్రెంచివాడే అయినా, దాదాపు ఇరవై ఏళ్ళు ఇళ్ళు మారుతూ ఈ దేశంలోనే గడిపాడు. మొదటి పుస్తకం 1637లో పేరు వేసుకోకుండా ఈ లైడెన్‌లోనే అచ్చు వేయించాడు.

భోజనానికి రొట్టె, జున్ను. దాని గురించి ఇంతకన్నా రాయడానికి లేదు.

మధ్యాహ్నం ఎలిజబెత్ గురించి చెప్పారు. ఇంగ్లండ్ రాణి కాదు, బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది) రాకుమారి. తండ్రి 1620లో రాజ్యం పోగొట్టుకుంటే కుటుంబమంతా ది హేగ్‌లో తలదాచుకుంది. 1643 మే నెలలో, ఇరవైనాలుగేళ్ళ వయసులో, డెకార్ట్‌కి ఉత్తరం రాసింది. ఆత్మ కేవలం ఆలోచించే వస్తువైతే, దానికి బరువూ కొలతా లేకపోతే, అది శరీరాన్ని ఎలా కదుపుతుందండీ అని. తోయాలంటే తగలాలి కదా! ఆయన, రాయికి బరువు ఉండి కిందకి లాగినట్టు అనుకోండి అని ఏదో చెప్పబోయాడు. ఆవిడ ఊరుకోలేదు. అంతకన్నా ఆత్మకే కొలతలున్నాయని ఒప్పుకోవడం నాకు తేలిక అని మర్యాదగానే జవాబిచ్చింది. ఆయన పోయేదాకా వాళ్ళ ఉత్తరాలు నడిచాయి. యూనివర్సిటీ గడప తొక్కే అవకాశం లేని అమ్మాయి అడిగిన ఈ ఒక్క ప్రశ్నకి నేను ఆ రెండు రోజులూ రాసిచ్చేస్తాను.

ఆదివారం పొద్దున మూడు గంటల్లో లైబ్నిజ్, లాక్, హ్యూమ్ అనే ముగ్గురు తత్వవేత్తలు అయిపోయారు. పాసింజరు అనుకుని ఎక్స్‌ప్రెస్ ఎక్కినట్టయింది, ఏ స్టేషన్‌లోనూ ఆగలేదు. బోర్డు మీద, తెలివికి మూలం బుద్ధి అనే బుద్ధివాదులు ముగ్గురు ఇటు, ఇంద్రియాల అనుభవం అనే అనుభవవాదులు ముగ్గురు అటు అని గీత గీశారు. పరీక్షకి పనికొస్తుంది. లైబ్నిజ్ 1676లో పని గట్టుకుని ది హేగ్ వచ్చి డచ్ తత్వవేత్త స్పినోజాతో మాట్లాడి వెళ్ళాడన్న సంగతి ఆ గీతలో ఎక్కడ పడుతుందో నాకర్థం కాలేదు.

స్పినోజా అంతకుముందు, 1661 నుంచి 1663 దాకా అద్దెకున్న ఇల్లు లైడెన్ పక్కనే రైన్స్‌బర్గ్‌లో ఉంది. సైకిల్ అద్దెకి తీసుకున్నాను. దూరం తక్కువే కానీ ఎదురుగాలి. పక్కనుంచి ఎనభై ఏళ్ళ తాత ఒకాయన హాయిగా దాటిపోయాడు, చూస్తే బ్యాటరీ సైకిల్. ఆ ఊరు పూల వ్యాపారానికి పేరున్నది. ఇల్లు మాత్రం ఎర్ర ఇటుకలది, చిన్నది, రెండుసార్లు దాటి వెళ్ళిపోయాను.

లోపల ఒక గదినిండా పుస్తకాలు. స్పినోజా పోయాక ఆయన సామాను జాబితా రాశారు. దాని ప్రకారం అవే పుస్తకాలు వెతికి తెచ్చి బీరువాల్లో పెట్టారు, ఓ నూట అరవై దాకా. 1920లో ఐన్‌స్టీన్ వచ్చి సందర్శకుల పుస్తకంలో సంతకం చేశాడు. రాకుమారి ప్రశ్నకి స్పినోజా జవాబు ఏమిటంటే, అసలు రెండు వస్తువులు లేవు, మనసూ శరీరమూ ఒకే దానికి రెండు వైపులు, ఒకటి ఇంకోదాన్ని తొయ్యక్కర్లేదు అని. దాన్ని మన పదో తరగతి జ్యామితిలా సిద్ధాంతం, ఉపపత్తి అంటూ రాశాడు.

పక్క గదిలో అద్దాలు సానపట్టే బల్ల ఉంది. దాని దగ్గర ఆగిపోయాను. మా నాన్నకి తెనాలిలో కళ్ళజోళ్ళ షాపు. రాయి మీద అద్దం అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టేవాడు. సాయంత్రానికి గోళ్ళ సందుల్లో తెల్లటి గాజు బురద.

బయటికొచ్చి ఫోన్ చేశాను.

"నాన్నా, ఒక తత్వవేత్త ఇంటికొచ్చా. అద్దాలు సానపట్టి బతికేవాడట."

"షాపు ఎక్కడరా?"

"షాపు లేదు. టెలిస్కోపులకీ మైక్రోస్కోపులకీ చేసిచ్చేవాడు. మిగతా టైంలో దేవుడి గురించి రాసుకునేవాడు."

"మోటారు మీదా, చేత్తోనా?"

"మోటార్లెక్కడివి, 360 ఏళ్ళ కిందటి మాట. 44 ఏళ్ళకే పోయాడు పాపం, ఊపిరితిత్తుల జబ్బు."

నాన్న కాసేపు మాట్లాడలేదు. టీవీ చప్పుడు వినిపిస్తోంది.

"నీళ్ళు పోస్తూ అరగదియ్యాలిరా," అన్నాడు. "పొడి లేవకూడదు."