తొట్టి నీరు ఎప్పుడు మార్చాలి, తీసిన నీరు ఎక్కడ పొయ్యాలి

మట్టి లేకుండా, ఎరువు కలిపిన నీటితోనే (హైడ్రోపోనిక్స్ పద్ధతిలో) డాబా మీద ఆకుకూరలు పెంచుతున్నామని చెప్పగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, తొట్టిలోని నీటిని ఎన్ని రోజులకొకసారి మార్చాలన్నది. రెండు వారాలకొకసారి అన్న జవాబు ప్రచారంలో ఉంది. అది తప్పని అనను. అయితే ఏప్రిల్‌లో పర్లాకిమిడి ఎండకూ, మహేంద్రతనయ నిండుగా పారే శ్రావణ మాసపు ముసురుకూ ఒకే గడువు ఎలా సరిపోతుందో ఆ జవాబు చెప్పదు. గడిచిన రోజులను లెక్కపెట్టడం కంటె, తొట్టిలో ఎన్ని లీటర్ల కొత్త నీరు పోశామో రాసి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

మొక్క నీటిని తాగినంత వేగంగా అందులోని లవణాలన్నిటినీ తీసుకోదు. నైట్రేటును, పొటాషియాన్ని, ఫాస్ఫేటును ఆత్రంగా పీల్చుకుంటుంది. కాల్షియం, సల్ఫేటు నెమ్మదిగా పోతాయి. సోడియం, క్లోరైడు దాదాపు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. ఎండకు ఆకుల గుండా నీరు ఆవిరైపోతూ ఉంటే, మనం పోసే ప్రతి బకెట్టుతోనూ మరికొంత సోడియం వచ్చి చేరుతుంది. పులుసు మరిగే కొద్దీ ఉప్పెక్కినట్లు తొట్టి నీరూ ఉప్పెక్కుతుంది. నీరు మార్చడమంటే కేవలం పాత ఎరువు పారబోసి కొత్త ఎరువు వెయ్యడం కాదు. మొక్క వద్దని వదిలేసినవాటిని బయటికి పంపడం.

ఈ సంగతిని ఈసీ మీటరు చెప్పలేదు. అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తున్నదో కొలిచి మొత్తం లవణాలెన్నో చూపుతుందే తప్ప, అందులో పోషకమెంతో, పనికిరాని ఉప్పెంతో విడదీసి చూపదు. కొత్తగా కలిపిన నాడు 1.2 (సెంటీమీటరుకు మిల్లీసీమెన్లు) చూపిన మీటరు మూడు వారాల తరువాత కూడా 1.2 చూపవచ్చు, కానీ ఆ అంకెలో నైట్రేటు వాటా తగ్గి సోడియం వాటా పెరిగి ఉండవచ్చు. అంకె చక్కగా ఉన్నా తోటకూర ముదురు ఆకులు పాలిపోతున్నాయంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) మీటరుతో చూసుకునేవారికి మరొక చిక్కు ఉన్నది. ఒకే నీటికి కొన్ని మీటర్లు ఈసీని 500తోనూ, మరికొన్ని 700తోనూ హెచ్చించి పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపిస్తాయి. కనుక వేరొకరి మీటరు మీది అంకెను మన తొట్టికి తెచ్చుకోకూడదు.

ఇక లెక్క. మాది ఏటవాలుగా అమర్చిన పీవీసీ పైపులు, వాటి కింద 40 లీటర్ల తొట్టి, అందులో ఒక చిన్న పంపు. తగ్గిన మేరకు పోసిన నీటిని లీటర్లలో గోడకు వేలాడే క్యాలెండరు గడిలో రాస్తాను. అలా పోసిన మొత్తం తొట్టి పరిమాణానికి, అంటే 40 లీటర్లకు, చేరిన నాడు నీరంతా మారుస్తాను. ఇది హైడ్రోపోనిక్స్ చేసేవారిలో చాలామంది పాటించే సూత్రమే. మే నెలలో ఈ గడువు త్వరగా వచ్చేస్తుంది. వానాకాలంలో వారాలు సాగుతుంది. ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. మన నూతి నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుందాం. తాగునీటి ప్రమాణాలలో 500 వరకు ఆమోదయోగ్యమే కనుక ఇది మంచి నీటి కిందే లెక్క. అటువంటి నీరు 40 లీటర్లు పోస్తే, మనం కలిపిన ఎరువు గాక, 16 గ్రాముల లవణాలు తొట్టిలో చేరినట్లే. అందులో కాల్షియం, మెగ్నీషియం మొక్కకు పనికివస్తాయి. మిగిలినది పేరుకుంటుంది.

పూర్తిగా తీయడం శ్రమ అని సగం నీరు మాత్రమే మార్చేవారున్నారు. అది వ్యర్థం కాదు గాని దాని హద్దు తెలిసి ఉండాలి. ప్రతిసారీ సగం తీస్తే, పేరుకున్న ఉప్పులో సగం లోపలే ఉండి తరువాతి విడత ఉప్పుతో కలుస్తుంది. అలా కొన్ని విడతలు గడిచేసరికి, మార్చబోయే ముందు తొట్టిలో ఉండే ఉప్పు ఒక విడతలో చేరే ఉప్పుకు రెండింతల దగ్గర స్థిరపడుతుంది. లెట్యూస్ వంటి సుకుమారమైన పంటకు అది బరువే. అందుచేత రెండు సగం మార్పుల తరువాత ఒక పూర్తి మార్పు తప్పదని పెట్టుకోవడం మంచిది. వానాకాలంలో డాబా మీద పడే నీటిని, తొలి వానలతో మురికి కొట్టుకుపోయిన తరువాత, శుభ్రమైన డ్రమ్ములో పట్టుకుంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు.

నీరు తీసే పనిని పొద్దెక్కక ముందే ముగించాలి. దానికన్నా ముందు కొత్త ద్రావణం వేరే డ్రమ్ములో సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే పైపుల పద్ధతిలో వేళ్లకు నీటి నిల్వ ఉండదు, ఎండలో పంపు ఆగితే కొద్దిసేపట్లోనే ఆకులు వాడిపోతాయి. నీటిని తోడడానికి ప్రత్యేకమైన సాధనమేదీ అక్కరలేదు. పంపు స్విచ్చు ఆపి, దాని గొట్టాన్ని పైపుల నుంచి ఊడదీసి బకెట్లో పెట్టి మళ్లీ స్విచ్చు వేస్తే పంపే తొట్టిని ఖాళీ చేస్తుంది. అయితే నీరు పంపు మునిగేటంత ఉన్నంతవరకే దాన్ని నడపాలి. అడుగున మిగిలినది మగ్గుతో తీయవచ్చు, లేదా గొట్టం నిండా నీరు నింపి, ఒక కొస తొట్టిలో ఉంచి రెండవ కొసను డాబా కిందికి దించి లాగవచ్చు. గొట్టాన్ని నోటితో పీల్చి నీరు రప్పించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఎరువు నీటి విషయంలో దానిని మానుకోవాలి.

ఖాళీ అయిన తొట్టి గోడలకు పట్టిన జిగురును మంచి నీటితో, గరుకు గుడ్డతో తుడిస్తే చాలు. బ్లీచింగ్ పౌడరు నీళ్లు పంటకూ పంటకూ నడుమ, మొక్కలు లేనప్పుడు మాత్రమే వాడి, ఆపైన బాగా కడగాలి. ఆకుపచ్చ పాచి పట్టిందంటే వెలుగు లోపలికి పోతున్నదని అర్థం. దానికి మందు వెతకడం దండుగ. తొట్టికి బయట నలుపు, దాని మీద తెలుపు రంగు వేస్తే సరిపోతుంది.

కొత్త నీరు ఎక్కడిది అన్నది కూడా ముఖ్యమే. మిట్టమధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే కరుగుతుంది. వేళ్లు కుళ్లించే పిథియం వంటి, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవికి ఆ స్థితి అనుకూలం. అందుకే నడివేసవిలో తెల్లవారుజామున తోడిన నూతి నీటినే వాడతాను. కుళాయి నీరయితే క్లోరిన్ పోవడానికి ముందురోజే మూత తీసి ఉంచాలి.

కలపడంలో ఒకే ఒక నియమాన్ని ఎన్నడూ మీరకూడదు. కాల్షియం నైట్రేటును, సల్ఫేటులూ ఫాస్ఫేటులూ ఉన్న ఎరువును చిక్కటి ద్రావణాలుగా ఒకే సీసాలో కలపరాదు. కలిపితే తెల్లని మడ్డి అడుగున పడుతుంది, మొక్కకు అందదు. ఏ, బీ అని రెండు సీసాలు ఉండేది అందుకే. నీరంతా పోసి, ఏ కలిపి, బాగా తిప్పి, ఆ తరువాతే బీ కలపాలి. అటు పాతపట్నంలోనైనా ఇటు మన ఊళ్లోనైనా ఎరువుల కొట్టులో సులువుగా దొరికే 19:19:19ను దీనికి బదులు వాడవచ్చునా అని కొందరు అడుగుతారు. అందులోని నత్రజనిలో అధికభాగం యూరియా రూపంలో ఉంటుంది. యూరియాను విడగొట్టి మొక్కకు అందించే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా తొట్టిలో ఉండవు. అందులో కాల్షియమూ లేదు. పొలానికి అది మంచిదే, తొట్టికి కాదు. చివరగా నీటి ఆమ్లత్వాన్ని చూపే పీహెచ్‌ను 5.5కూ 6.5కూ మధ్యకు తేవాలి. నూతి నీటిలోని బైకార్బొనేటు వల్ల అది మర్నాటికి మళ్లీ పైకి లేస్తుంది కనుక రెండవ రోజు మరొకసారి చూడాలి. నిమ్మరసంతో దించితే దిగుతుంది గాని నిలవదు.

తుపాను సూచన ఉన్నప్పుడు మాత్రం గడువు వచ్చినా నీరు మార్చను. 2018 అక్టోబరులో తిత్లీ మన గజపతి జిల్లాను ఎలా ఛిన్నాభిన్నం చేసిందో చూసినవారికి కరెంటు ఎన్నాళ్లు పోవచ్చునో చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు పైపుల కింది కొసలకు గుడ్డ కుక్కి, వేళ్ల చుట్టూ కొంత నీరు నిలిచేటట్లు చేసి, తొట్టి మూతను తాడుతో బిగించి దిగిపోవడమే.

ఇక తీసిన నీటి సంగతి. హైడ్రోపోనిక్స్ గురించి రాసేవారు చాలామంది దీనిని ఒక్క వాక్యంలో దాటేస్తారు గాని, పెరట్లో నుయ్యి ఉన్న ఇళ్లకు అసలు సమస్య ఇదే. కాలిఫోర్నియాలో హోగ్లండ్, ఆర్నన్‌లు అనే శాస్త్రవేత్తలు రూపొందించిన ప్రసిద్ధమైన పోషక ద్రావణంలో లీటరుకు 210 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. నైట్రేటుగా లెక్కిస్తే అది 930 మిల్లీగ్రాములు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. ఆకుకూరలకు మనం సగం బలంతో కలిపినా అది పది రెట్లు. మొక్క తాగగా మిగిలినది కొంత తక్కువే కావచ్చు, కానీ నైట్రేటు మట్టికి అంటుకోక నీటితోపాటు కిందికి జారిపోయే స్వభావం కలది. నూతి గట్టు పక్కనే ఒకేచోట పోస్తూ ఉంటే అది ఎక్కడికి చేరుతుందో ఊహించవచ్చు. పోత పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో, ఆ పాలు కలిపే నీటిలో నైట్రేటు ఎక్కువైతే బిడ్డ రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

మా కింది వాటాలో ఉండే మేనత్త ఈ రసాయనాలేవీ తెలియకుండానే మొదటి రోజే "ఒరే, ఆ మందునీళ్లు నూతి దరికి తేకు, అరటి పాదుల్లో పొయ్యి" అని తేల్చేసింది. ఆ మాటే అమలులో ఉంది. ఆ నీటికి అంత మంచి నీరు కలిపి అరటికి, కరివేపాకుకు, కొబ్బరికి వంతులవారీగా పోస్తాను. ఒకే చెట్టుకు పోస్తూ ఉంటే తొట్టిలో పేరుకున్న ఉప్పు ఆ పాదులో పేరుకుంటుంది. కాలువలో వదిలితే ఊరి చెరువులో గుర్రపుడెక్కకు ఎరువు వేసినట్లే. బకెట్లను వీధి గుమ్మం ముందు వదిలి వెళ్లడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే మన వీధుల్లో తిరిగే ఆవులు దానిని తాగితే వాటి కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి ప్రాణం మీదికి రావచ్చు. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి కుళ్లు వాసన వచ్చిన తొట్టి నీటినయితే కుండీలకు, నారుమడికి పొయ్యను. నూతికి దూరంగా, కూరపాదులేవీ లేని గట్టున ఉన్న వేపచెట్టు మొదట్లో పోసి, బకెట్టును ఎండలో బోర్లిస్తాను.